పరీక్ష తప్పిన మాడ్యూలు

చిరకాలముగ జరుగుచున్నదానిని శాసనమని నమ్ముట మనకు బాగుగ నలవడినది. గృహాచారములయందే కాదు, యంత్రములయందును ఈ భ్రమ కలదని 2013వ సంవత్సరమున నాకు బోధపడెను.

అప్పుడు నేను పెర్లు అను కంప్యూటరు భాషలో నొక మాడ్యూలు వ్రాసితిని. పేర్లును వాని విలువలును గల పట్టికను ఫైలునకెక్కించుట దాని పని. ఒకే పట్టికను ఎన్నిమారులిచ్చినను వరుస మారదని వివరణపత్రములో మాటయిచ్చితిని. పెర్లువారికి సీపాన్ అను ఉమ్మడి భాండాగారము 1995 నుండి కలదు. ‘ట్రయల్’ అను ముద్రతో నందుంచిన కూర్పు సూచికకెక్కదు; సామాన్యులకు పాతకూర్పే యందును. స్వచ్ఛంద పరీక్షకులు మాత్రము దానిని తమ యంత్రములపై నడిపి ఫలితము తెల్పుదురు. నేనును అట్లే యుంచితిని.

నా యింట పరీక్షలన్నియు నెగ్గినవి. మరునాడొక యపరిచితుని నివేదిక వచ్చెను: ఒక పరీక్ష తప్పినది! ఆతని యంత్రమే చెడియుండునని తలంచితిని. అంతలో రెండవ నివేదిక వచ్చెను. ఆ పరీక్షను తొలగించి మాడ్యూలును ప్రకటించిన నెవరెరుగుదురను దుర్బుద్ధియు పొడమినది. సిగ్గుతో నొప్పుకొనుచున్నాను.

నివేదికలను మరల చదివితిని. రెండింటను పెర్లు 5.18, నాది 5.16. క్రొత్తదానిని తెచ్చి పదిమారులు నడిపితిని. కొన్నిమారులు నెగ్గెను, కొన్నిమారులు తప్పెను. పట్టిక వరుసను నిర్ణయించు ‘సీడ్’ అను సంఖ్యను స్థిరపరచి చూచితిని. ఒక సంఖ్యకు ఎల్లప్పుడును నెగ్గెను. మరియొకదానికి ఎల్లప్పుడును తప్పెను. దొంగ దొరికెను.

హ్యాష్ అను పట్టికలోని పేర్లు ఏ వరుసలో వచ్చునో నమ్మరాదని పెర్లు వివరణగ్రంథము పూర్వమే చెప్పినది. పాతకూర్పులో నా పట్టిక వరుస మారకుండుట కేవలమలవాటు. 5.18 దానిని ప్రోగ్రాము నడిపిన ప్రతిమారును మార్చును. వరుసను ముందుగ నూహింపగల దుష్టుడు, ఒకే యరలో పడునట్టి పేర్లనేరి పంపి సర్వరును కుంటుపరుపగలడు. అందులకే యీ మార్పు.

నేను లోకమునకిచ్చిన మాటకు నా ప్రోగ్రాములో నాధారమే లేదు. ఒకరి యలవాటుపై నిలిచియుండెను. పేర్లను అక్షరక్రమమున పేర్చు నొక్క మాటను చేర్చితిని. రెండవ ట్రయలు కూర్పు అన్ని చోట్లను నెగ్గెను. ఆ యపరిచితునికి కృతజ్ఞత తెల్పితిని.

పరీక్ష తప్పలేదు, తప్పినవాడను నేను. మన యిండ్లలో లోపమును చూపు పిల్లలను, కోడండ్రను ‘నోరుమూయు’డనుట, తప్పిన పరీక్షను తొలగించుటయే కాదా?