గోపురం ఎవరిది, గడియారం ఎవరిది

సికింద్రాబాద్ క్లాక్ టవర్ ఎప్పటిదంటే 1860 అని కొందరు రాస్తారు, 1897 అని మరికొందరు. మధ్యలో ముప్పై ఏడేళ్లు, ఒక తరమంత తేడా. ముంబై దగ్గరి భివండిలో, నాగావ్‌లో సాంచెల (మరమగ్గాల) చప్పుడు వింటూ పెరిగిన నాకు అది మా ఊరి దారిలో కనబడే గుర్తు. రైలు దిగి కరీంనగర్ బస్సు కోసం జూబ్లీ బస్ స్టేషన్‌కు పోతుంటే తలెత్తి చూసేవాణ్ణి. చరిత్రను ఎట్లా అడగాలో నాకు నేర్పింది ఆ రెండు సంవత్సరాల పేచీయే.

1860 అనేవాళ్లు చెప్పేది బ్రిటిష్ వాళ్లు కంటోన్మెంట్ అధికారుల సేవకు మెచ్చి స్థలం ఇచ్చిన సంగతి. 1897 అనేవాళ్లు చెప్పేది ప్రారంభోత్సవం సంగతి: ఆ ఏడు ఫిబ్రవరి 1న గోపురాన్ని ప్రారంభించింది బ్రిటిష్ రెసిడెంట్ సర్ ట్రెవర్ ప్లౌడెన్. గడియారం ఇచ్చింది సేఠ్ లక్ష్మీనారాయణ రామ్‌గోపాల్. స్థలం ఒకరిది, గడియారం ఒకరిది, ప్రారంభించిన చెయ్యి మరొకరిది. పరంజా ఎక్కి 120 అడుగుల ఎత్తుకు రాయి పేర్చినవాళ్లు ఈ లెక్కలోకే రాలేదు. అప్పుడు నాకు తట్టింది: రెండు సంవత్సరాల్లో ఒకటి అబద్ధం కానక్కర్లేదు. ఒక్కొక్కరు ఒక్కో పనిని మొదలుగా పట్టుకున్నారు, అంతే.

ముంబై రాజాబాయి టవర్‌కు ఈ చిక్కు లేదు. 1869లో పునాది, 1878లో పూర్తి. నమూనా గీసింది భారతదేశంలో ఎన్నడూ అడుగుపెట్టని జార్జ్ గిల్బర్ట్ స్కాట్. డబ్బు పత్తి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్‌ది, పేరు ఆయన తల్లిది. దాతకు సంపద ఉంది, కాగితాలు దాచడానికి ఆ గోపురం ఉన్న విశ్వవిద్యాలయం ఉంది. పత్తి అమ్మినవాడి తల్లి పేరు గోపురమై నిలిచింది. ఆ పత్తిని నూలుగా, బట్టగా మార్చిన మిల్లుల్లో నిలబడి కాళ్లు వాచినవాళ్ల తల్లుల పేర్లు ఎవరు రాసిపెట్టారు?

మరి సాంచెలు నడిపే మా తెలుగువాళ్లం భివండికి ఎప్పుడొచ్చాం? అడిగితే చాలామంది 1982 అంటారు. ఆ ఏడు జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ముంబై మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. చాలా మిల్లులు మళ్లీ కోలుకోలేదు, పని భివండి లాంటి చోట్ల మరమగ్గాలకు మళ్లింది. జవాబు సబబుగానే ఉంది. కానీ తెలుగువాళ్లు సమ్మెకు ఎంతో ముందే ముంబైలో కామాఠీపురాలో ఉన్నారు, షోలాపూర్ మగ్గాల మీద ఉన్నారు. సమ్మె కూడా ప్రారంభోత్సవం లాంటిదే. అందరికీ కనబడింది కాబట్టి అదే మొదలైపోయింది.

అందుకే మా వీధి పెద్దలను ఏ ఏడు వచ్చారని అడగడం మానేశాను. మొదట ఎవరి ఖోలీలో తలదాచుకున్నారు, సాంచె నడపడం ఎవరి పక్కన నిలబడి నేర్చుకున్నారు, ఊరి నుంచి తర్వాత ఎవరిని పిలిపించారు అని అడుగుతున్నాను. జవాబులు ఒకదానితో ఒకటి కలవవు. మగవాళ్లు మొదటి రాత్రిపాలి నుంచి లెక్కపెడతారు. ఆడవాళ్లు పిల్లలతో దిగి పొయ్యి పెట్టిన రోజు నుంచి లెక్కపెడతారు. ఒకే ఇంట్లో రెండు సంవత్సరాలు! ఇంట్లో కండెలు చుట్టి ఆ సంసారాన్ని నిలబెట్టిన మనిషి చెప్పే ఏడాదిని కాదనడానికి నాకు నోరు రాదు. నాకైతే అదే అసలు లెక్క అనిపిస్తుంది. అయినా రెండూ రాస్తాను, పక్కనే చెప్పినవాళ్ల పేరు, వాళ్లు దేన్ని మొదలుగా పట్టుకున్నారో కూడా.

ఈ రాతకు తొందర ఎందుకంటే, 2003లో రోడ్డు వెడల్పు కోసం సికింద్రాబాద్ క్లాక్ టవర్‌నే కూల్చేయాలన్నారు. జనం కాదన్నారు, అది నిలిచింది, తర్వాత బాగు చేశారు. ఇక్కడ భివండిలో సాంచెలు కిలోల లెక్కన తుక్కుకు పోతుంటే అడ్డం నిలబడేవాళ్లు లేరు. కార్ఖానా ఖాళీ అయ్యాక పెద్దలు కొడుకుల దగ్గరికో ఊరికో వెళ్లిపోతున్నారు. ఇక వైపని చేసేవాళ్లను కలవాలి. ఒక్క సేఠు దగ్గరే ఉండిపోకుండా కార్ఖానా కార్ఖానా తిరిగి సాంచెలకు నూలు బీములు ఎక్కించినవాళ్లు వాళ్లు. ఏ షెడ్డు ఎవరి చేతుల మీద మొదలైందో వాళ్లు చెప్పగలరని నా నమ్మకం.