మూలమట్టం

నవంబర్ 4, 2024, సోమవారం
కూకట్‌పల్లి

కార్తీక సోమవారం. అమ్మ నాలుగున్నరకే లేచి తలస్నానం చేసి వస్తూ కమోడ్ పక్కన తడి టైలు మీద జారింది. వాష్‌బేసిన్ అందబట్టి కింద పడలేదు. మోచెయ్యి కమిలింది. "ఏం కాలేదురా, దీపం పెట్టాలి, పక్కకు జరుగు" అంది. 74 ఏళ్ల మనిషి. మా బాత్రూం ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. షవర్ తిప్పితే నీళ్లు గుమ్మం దాకా పారతాయి. ఇక వాయిదా వెయ్యను. షవర్ ఉన్న మూలకు గాజు కట్టించాలి.

నవంబర్ 5

సాయంత్రం గాజు షాపుకి వెళ్లాను. టఫెన్డ్ గ్లాస్ ఎలా చేస్తారో అక్కడి కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. 620 డిగ్రీలు దాటేదాకా కాల్చి, గట్టిగా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర బిగుసుకుంటుంది, మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు బలమొస్తుంది. పగిలినా కత్తుల్లా కాకుండా చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది. అయితే అలా కాల్చాక ఇక కొయ్యలేం, బెజ్జం వెయ్యలేం. కోత పడితే మొత్తం పలక పొడైపోతుంది. కీళ్లకు గాళ్లు, పిడికి బెజ్జాలు, అన్నీ ముందే వేసి కాల్చాలి.

చెల్లెలి ఇంట్లో పోయినేడు జరిగిందిదే. ఒక షాపువాళ్లు వచ్చి నేల దగ్గర ఒక్కసారి టేపు పట్టి వెళ్లారు. గాజు వచ్చాక పైన ఆరు మిల్లీమీటర్లు ఎక్కువైంది. నిలువెత్తు పలక మేడ మీద చెత్తలో చేరింది. డబ్బులు రాలేదు. ఈసారి నేనే పక్కనుండి కొలిపిస్తాను.

నవంబర్ 10, ఆదివారం

పొద్దుటంతా ఆ మూలలోనే. మేస్త్రీ గుండు దారం, రసమట్టం తెచ్చాడు. ముందు మూల చూశాం. ఒక గోడ మీద మూడడుగులు, రెండోదాని మీద నాలుగడుగులు గుర్తు పెట్టి, గుర్తు నుంచి గుర్తుకు కొలిస్తే సరిగ్గా అయిదడుగులు రావాలి. ఏడు మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. మూల విచ్చుకుని ఉంది. పదేళ్లుగా ఆ గోడల మధ్య స్నానం చేస్తున్నాం, కంటికి ఎప్పుడూ ఆనలేదు.

తర్వాత గోడల నిలువు. పడకగది వైపు గోడ ముందు దారం వదిలితే గోడకూ దారానికీ మధ్య కింద 29 మిల్లీమీటర్లు, నడుమ 24, పైన 20. గోడ లోపలికి వాలింది. బయటి గోడ మాత్రం కింది నుంచి పైదాకా ఒకటే కొలత. దాంతో తలుపు ఎటు పెట్టాలో తేలిపోయింది. తలుపు నిటారు గోడకే వేలాడాలి, లేకపోతే దానంతటదే తెరుచుకుంటుంది. పైగా ఆ గోడ తొమ్మిదంగుళాల ఇటుక, కీళ్ల బోల్టులు గట్టిగా పట్టుకుంటాయి. వాలిన గోడ వైపు కదలని పలక. దాని అంచు గోడ వాలుకు తగ్గట్టు ఏటవాలుగా కోస్తారు.

మధ్యాహ్నం పాత న్యూస్ పేపర్లు తలుపంత కత్తిరించి నేల మీద తిప్పి చూశాను. 750 మిల్లీమీటర్ల తలుపు కమోడ్‌కి తగులుతోంది. 650 తగలడం లేదు. తలుపు బయటికే తెరవాలి. లోపల మనిషి పడితే, లోపలికి తెరిచే తలుపుకి ఆ మనిషే అడ్డం. ఇది నేనెవరి మాటా వినని విషయం.

అమ్మను పిలిచి గీసిన గీతల మధ్య స్టూలు వేసి కూర్చోమన్నాను. మోకాళ్లు చాపింది, చెంబు పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తింది. 900కి 900 సరిపోయింది. నీళ్లు ఆపడానికి అనుకున్న నాలుగంగుళాల గట్టు మాత్రం వద్దంది. ఇటుక పెట్టి దాటి చూపించమంటే కాలు తడబడింది.

నవంబర్ 14

గట్టు ఒకటిన్నర అంగుళమే. గ్రానైట్ పట్టీ పరిచి, నీళ్లు లోపలికే జారేట్టు వాలు ఇచ్చాడు మేస్త్రీ. లోపలి నేల నానీ ట్రాప్ వైపు అడుగుకి పావు అంగుళం వాలు. పట్టుకునే స్టీలు కడ్డీ గోడకే బిగించమన్నాను. గాజుకి వద్దు.

నవంబర్ 17, ఆదివారం

గట్టు ఆరింది, గాజు షాపు కుర్రాడు చివరి కొలతలకి వచ్చాడు. అన్నీ రెండేసి సార్లు కొలిచాం. పది మిల్లీమీటర్ల మందం పెడదామన్నాడు. లెక్క వేశాను. 650 వెడల్పు, 1900 ఎత్తు తలుపు ఆ మందంలో 30 కిలోలు దాటుతుంది, ఎనిమిదిలో పాతిక లోపే. నెట్టాల్సింది అమ్మ చెయ్యి కాబట్టి ఎనిమిదే. పైన గాజు లేదు, ఆవిరి పోవాలి. ప్రతి పలక మూలనా ఐఎస్ 2553 ముద్ర ఉండాలని కాగితంలో రాయించాను. మా బోరు నీళ్లకి గాజు మీద తెల్లచారలు తప్పవు. స్నానమయ్యాక వైపరుతో లాగే పని నాది.

కాగితం మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. గాజు రావడానికి పది రోజులు పడుతుందట. అంతవరకు అమ్మ లేచే నాలుగున్నరకే నేనూ లేస్తున్నాను.