తుడిచిన షాకబ్జర్లు

ఆదివారం జీపు కడగడం నా పని. ఎనిమిదో తరగతి నుంచి చేస్తున్నాను. మా నాయన ఆ జీపును డెంకణికోట నుంచి అంచెట్టి వైపు ఉండే కొండ పల్లెలకు బాడుగకు తోలుతాడు. పోయేటప్పుడు బియ్యం, సిమెంటు, సంతకు వచ్చి తిరిగిపోయే మనుషులు. వచ్చేటప్పుడు టమోటాలు, రాగులు. పాతదే కానీ ఫోర్ వీల్ జీపు. వాన పడి దారి బురదైతే నాయన దిగి ముందు చక్రాల లాకులు తిప్పి, మళ్లీ ఎక్కి చిన్న గేరు రాడ్డు లాగుతాడు. అప్పుడు నాలుగు చక్రాలూ లాగుతాయి.

పోయిన వేసవిలో ఒకరోజు మా అవ్వ జీపు దిగుతూ, "ఏమిరా ఇది, ఉయ్యాల మాదిరి ఊగుతా ఉంది, కడుపులో తిప్పేస్తా ఉంది" అనింది. దారి అట్లా ఉందమ్మా అన్నాడు నాయన. ఆ ఆదివారం నేను కింద దూరి చూస్తే వెనక ఎడమ చక్రం పక్కన ఉండే గొట్టం నల్లగా తడిసి ఉంది. దాని మీద దుమ్ము ముద్దలాగా అంటుకొని ఉంది. బ్రేకు ఆయిల్ కారుతోందని భయపడి నాయనను పిలిచినాను. ఆయన వేలితో తాకి వాసన చూసి, "బ్రేకుదీ కాదు, గేరు ఆయిలూ కాదు. షాకబ్జర్. తుడిచెయ్" అన్నాడు. తుడిచేసినాను. మరుసటి ఆదివారం మళ్లీ అంతే. నెల తిరిగేసరికి కుడి పక్కదీ మొదలైంది.

మా వీధి చివర మెకానిక్ అన్న ఉన్నాడు. ఆయన్ని అడిగితే పని చేసుకుంటూనే చెప్పినాడు. జీపు బరువు మోసేది షాకబ్జర్ కాదంట. అది కమాను కట్టల పని. గుంతలో పడితే కట్టలు వంగి, మళ్లీ పైకి ఎగురుతాయి. ఆ ఎగురుడును ఆపేది షాకబ్జర్. సైకిల్ పంపు లోపల గాలికి బదులు నూనె ఉందనుకో, అట్లాంటిదే. పిస్టన్ కదిలితే నూనె సన్న రంధ్రాల్లో నుంచి కష్టంగా దూరాలి. ఆ కష్టంలోనే ఊపంతా వేడిగా మారి తగ్గిపోతుంది. రాడ్డు లోపలికి పోయేచోట ఒక సీలు ఉంటుంది. మట్టి, రాళ్లు తగిలి రాడ్డు మీద గీతలు పడితే ఆ సీలు చిరుగుతుంది. పైన కొంచెం చెమ్మ ఉంటే పరవాలేదు, కిందిదాకా కారిందంటే అయిపోయినట్టే. మా జీపుకు ఉండేది విప్పి బాగుచేసే రకం కాదు, కొత్తది వేయాల్సిందే. అదీ ఒకటి కాదు, జోడీ వేయాలి.

"ఊగితే ఏమవుతుందన్నా?" అన్నాను.

"టైరు నేల మీద నిలవదు. గాల్లో ఉండే చక్రానికి బ్రేకు వేసి ఏం లాభం?"

ఇది నాయనకు చెప్పినాను. ఆయనకు తెలియనిది కాదు. అప్పుడే అక్కకు కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చింది. జీపు అమ్మేస్తానన్నాడు. కొండ పల్లె నుంచి ఒక పెద్దాయన చూడటానికి వస్తున్నాడని తెలిసిన రాత్రి నాతో, "రేపు కింద కూడా బాగా తుడువు" అన్నాడు. ఎందుకో నాకు అర్థమైంది. ఆ పెద్దాయన జీపు కొనేది సంతకు జనాన్ని తోలడానికే అని కూడా తెలుసు. అయినా పొద్దున్నే లేచి గుడ్డ కిరసనాయిలులో ముంచి రెండూ మెరిసేటట్టు తుడిచినాను.

పెద్దాయన వచ్చి జీపు వెనక మూల మీద బలంగా నొక్కి వదిలినాడు. కార్లకైతే అట్లా చూస్తే తెలిసిపోతుంది. జీపు కట్టలు గట్టివి కదా, పెద్దగా ఏమీ తెలియలేదు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఆయన పంచె ఎగగట్టి కింద కూర్చొని చాలాసేపు చూసినాడు.

"కిందంతా ఎర్రమట్టి. ఈ రెండు మాత్రం పెండ్లికొడుకుల మాదిరి మెరుస్తా ఉన్నాయి. ఎవరు తుడిచినారు బాబూ?"

"నేనే."

"ఎందుకు?"

నోట మాట రాలేదు. నాయన వైపు చూసినాను. అట్లా చూడకుండా ఉండాల్సిందేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

"వాణ్ని అడగొద్దన్నా. తుడవమని నేనే చెప్పినాను. వెనకవి రెండూ కారుతా ఉన్నాయి" అన్నాడు నాయన.

పెద్దాయన కాఫీ తాగినాడు. వానల గురించి మాట్లాడినాడు. వారంలో చెబుతానని పోయి మళ్లీ రాలేదు. ఆ పూటంతా నాయన నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

అక్క ఫీజుకు మామ దగ్గర అప్పు తెచ్చినారు. రెండు ట్రిప్పుల టమోటా బాడుగ రాగానే నాయన హోసూరు పోయి షాకబ్జర్ల జోడీ తెచ్చినాడు. మెకానిక్ అన్న బిగిస్తుంటే నేను స్పానర్లు అందించినాను. కొత్తదాన్ని నిలువుగా పట్టుకొని నాలుగైదు సార్లు నొక్కి లాగినాడు, లోపలి గాలి పోవాలంట. చివరి బిగింపు జాకీ దించి, బరువు చక్రాల మీద పడిన తర్వాతే చేసినాడు. లేకపోతే రబ్బరు బుష్షులు మెలిపడి తొందరగా పోతాయన్నాడు.

పాతదాని రాడ్డు ఒక్క వేలితో నొక్కితే లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు. నాయన దాన్ని చేతిలోకి తీసుకొని రెండు మూడు సార్లు లాగి, నొక్కి చూసినాడు.

"దీంతోనా జనాన్ని తోలినాను" అన్నాడు.

మరుసటి ఆదివారం అలవాటుగా గుడ్డ తీసుకొని కింద దూరినాను. నాయన వంగి చూసి, "వాటిని తుడవొద్దు. దుమ్ము పట్టనీ. కారితే ఆ దుమ్ములోనే తెలుస్తుంది" అన్నాడు.