ఔన్సు గ్లాసు లెక్క

డైటీషియన్ గదిలో బల్ల మీద వంటింటి తూకం, రెండు షేకర్లు, మందు కొలిచే ఔన్సు గ్లాసుల దొంతర ఒకటి. హైదరాబాద్‌లో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే ఆస్పత్రి ఇది. థియేటర్ చూపిస్తామన్నారు గానీ నేను అడిగింది ఈ గదే. కోత గురించి డాక్టర్లు గంటల తరబడి చెబుతారు. కోత అయిన మనిషి ఇంటికెళ్ళాక పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం తాగుతాడో, ఆకలిని ఎలా నెట్టుకొస్తాడో తెలియాలంటే ఇక్కడ కూర్చోవాలి. పేర్లు రాయనని మాటిచ్చాను, ఓ మూల కుర్చీ వేశారు.

ఆ పూట వచ్చినవాళ్ళంతా ఆపరేషన్ అయి రెండు వారాలు దాటనివాళ్ళే. ఇంకా ద్రవాల మీదే ఉన్నారు. ఒక్కొక్కరికీ డైటీషియన్ వేసే మొదటి ప్రశ్న ఒకటే: "ఆకలేస్తోందా? వేస్తే ఎక్కడో చెయ్యి పెట్టి చూపించండి."

కరీంనగర్ నుంచి వచ్చిన కిరాణా షాపాయన చెయ్యి తిన్నగా దవడ మీదకి వెళ్ళింది. "కడుపులైతే ఏం లేదు మేడం. గీడ అనిపిస్తాంది. ఏదన్న నమలాలె. నిన్న టీవీల వంటల ప్రోగ్రాం పెట్టుకోని రెండు గంటలు చూసిన." పక్కనున్న భార్య నవ్వాపుకోలేకపోయింది. ఆయన నవ్వలేదు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజమే కావచ్చు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా ఎలుక జీర్ణాశయంలో గ్రెలిన్ అనే హార్మోనుని కనిపెట్టారు. భోజనం వేళకి రక్తంలో పెరుగుతుంది, తిన్నాక దిగుతుంది. అది ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలో, ఫండస్ అనే చోట. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి ముప్పాతిక భాగం, ఒక్కోసారి అంతకన్నా కాస్త ఎక్కువే, తీసేస్తారు. ఫండస్ ఆ తీసేసిన దాంట్లోనే పోతుంది. మిగిలేది అరటిపండంత గొట్టం. అందుకే చాలామందికి మొదటి నెలల్లో పొట్ట అడగడం మానేస్తుంది. నలభై ఏళ్ళుగా పొద్దున్నే ఇడ్లీ, సాయంత్రం మిర్చి బజ్జీ అలవాటైన నోరు మాత్రం ఊరుకోదు. ఈ నోటి ఆకలికి మందు లేదు. పోపు వాసన తగలని గదిలో కూర్చోమని, ఇంట్లో వంట కొన్నాళ్ళు వేరేవాళ్ళకి అప్పగించమని, టీవీలో వంటలు చూడొద్దని చెప్పి పంపారు.

తర్వాత ఏలూరు నుంచి వచ్చినావిడ రొమ్ముటెముక కింద చెయ్యి పెట్టింది. కొరికేస్తున్నట్టుందట, తెల్లవారుజామున మరీ ఎక్కువట. "గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నారా అమ్మా?" అంటే, "అది మామూలు గ్యాస్ బిళ్ళే కదండీ, మానేశాను" అంది. అది ఆకలి కాదు, ఆమ్లం. కుట్లు మానే దాకా ఆమ్లాన్ని అదుపులో పెట్టే బిళ్ళ డాక్టరు చెప్పినన్నాళ్ళూ వేసుకోవాల్సిందే. ఆమ్లం చేసే పనిని ఆకలి అనుకుని గబగబా ఏదో తాగేసేవాళ్ళు చాలామంది ఉంటారట.

ఆ పూట నన్ను కాస్త కంగారు పెట్టింది మాత్రం మూడో ఆయన. ఎక్కడని అడిగితే చెయ్యి ఎక్కడా పెట్టలేదు. "ఒళ్ళంతా వణుకుతుందండీ, చెమట్లు పడతాయి, అప్పుడు విపరీతంగా ఆకలి." షుగరు మనిషి. ఆపరేషన్‌కి ముందు వేసుకునే గ్లిమెపిరైడ్‌ని అదే మోతాదులో ఇప్పటికీ వేసుకుంటున్నాడు. తిండి మునుపటిలో పావు వంతు కూడా లేదు, మాత్ర మాత్రం పాతదే. చక్కెర పడిపోక ఏమవుతుంది? డైటీషియన్ మాట పూర్తి కాకుండానే ఫోన్ తీసి డాక్టరుకి చెప్పింది. నర్సు వచ్చి వేలు గుచ్చి చూసి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. వణుకూ చెమటా కలిసి వచ్చే ఆకలికి ముందు గ్లూకోమీటరు పెట్టి చూడాలి, తర్వాతే మిగతా మాట.

ఇక నాలుగో ఆమె. గుంటూరు వైపు అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో. చెయ్యి సరిగ్గా పొట్ట మీదే పెట్టింది. "తాగిన అరగంటకే మళ్ళీ వేసేస్తోంది మేడమ్." వెంట అత్తగారు, ఆవిడ ఒళ్ళో ఫ్లాస్కు. అందులో రాగిజావ.

"ఏమేం ఇస్తున్నారండీ?" అని అత్తగారినే అడిగింది డైటీషియన్. ఆవిడ గర్వంగా చెప్పుకొచ్చింది: జావ నాలుగు గ్లాసులు, కొబ్బరినీళ్ళు, పలచటి మజ్జిగ, మధ్యాహ్నం పెసరకట్టు. కోడల్ని ఇంతకన్నా శ్రద్ధగా చూసుకునేవాళ్ళు ఉండరు. కాగితం మీద లెక్క వేస్తే వచ్చింది వేరు. రాగిపిండి వంద గ్రాముల్లో ప్రొటీన్ ఏడు గ్రాములు. గ్లాసు జావకి పట్టే పిండి ఇరవై గ్రాములు. అంటే గ్లాసుకి గ్రామున్నర కూడా లేదు. కొబ్బరినీళ్ళలో దాదాపు సున్నా. మజ్జిగలో వేసిన రెండు చెంచాల పెరుగుకి ఒక గ్రాము. పెసరపప్పులో ప్రొటీన్ దండిగానే ఉంటుంది గానీ, పైన తేరిన కట్టు మాత్రమే వంచి ఇస్తే పప్పు అడుగునే ఉండిపోతుంది. ఎంత ఉదారంగా వేసినా రోజుకి పన్నెండు గ్రాములు దాటలేదు. కావాల్సింది కనీసం అరవై.

"జావ బలమే కదమ్మా?" అంది పెద్దావిడ, చిన్నబుచ్చుకుని.

"బలమేనండీ, పొట్ట మామూలుగా ఉన్నవాళ్ళకి. ఈ అమ్మాయి పొట్టలో ఇప్పుడు చోటే లేదు. ఉన్న కాస్త చోటూ జావకి ఇచ్చేస్తే మిగతావి ఎక్కడ పెడదాం?"

ఈ ఆపరేషన్ తర్వాతి రోజుల చిక్కు నాకు అక్కడ అర్థమైంది. తిండి తగ్గించడం కాదు కష్టం, అది కోతతోనే అయిపోయింది. ఉన్న చోట్లోకి కావాల్సింది ఎక్కించడం కష్టం. బైపాస్ అనే ఇంకో రకం ఆపరేషన్ చేస్తే జీర్ణాశయంలో పైన మిగిలే సంచి సుమారు ఔన్సు, 30 మిల్లీలీటర్లు. స్లీవ్‌లో అంతకన్నా ఎక్కువ. పావుగంటకి ఒక ఔన్సు గ్లాసు చొప్పున తాగితే గంటకి 120 మిల్లీలీటర్లు, మెలకువగా ఉండే 14 గంటలకి 1,680. నీళ్ళూ ప్రొటీనూ అన్నీ ఆ లోపే సర్దుకోవాలి. గటగటా తాగితే రొమ్ములో పట్టేసి వాంతవుతుంది, మర్చిపోతే సాయంత్రానికి కళ్ళు తిరుగుతాయి. ద్రవాలు పొట్టలో ఎంతోసేపు నిలవవు కాబట్టి పలచటి జావ తాగిన అరగంటకే ఖాళీ అనిపించడంలో వింత లేదు. ప్రొటీన్ అందకపోతే ఒళ్ళు కండని కరిగించుకుంటుంది, కుట్లు మానడమూ ఆలస్యమవుతుంది. మూడు నాలుగు నెలలకి దువ్వెన నిండా జుట్టు రాలడం బరువు వేగంగా తగ్గినా ఉండేదే, ప్రొటీన్ కరవైతే అది ఇంకా ముదురుతుంది.

మరి ప్రొటీన్ పౌడరెందుకు తాగలేదంటే, అమ్మాయి మొహం చిట్లించింది. ఆపరేషన్‌కి ముందు వెనిలా రుచి నచ్చిందని పెద్ద డబ్బా కొన్నారట, ఇప్పుడు మూత తీస్తే వికారమట. ఇది చాలామందికి జరుగుతుంది. కోత తర్వాత కొన్నాళ్ళు నాలుక తీరే మారిపోతుంది, నిన్నటి తీపి ఇవాళ వెగటు. వేల రూపాయల డబ్బా ముందే కొనొద్దని, చిన్న ప్యాకెట్లు రెండు మూడు రకాలు తెచ్చి చూడమని చెబుతూనే ఉన్నా డబ్బాలు కొంటూనే ఉంటారు.

డైటీషియన్ లేచి, క్యాంటీన్ నుంచి తెప్పించిన మిరియాల చారు వడగట్టింది. రుచీ వాసనా లేని వే ఐసొలేట్ పౌడర్ తీసి ముందు చల్లటి నీళ్ళు రెండు చెంచాలు పోసి ముద్దలా కలిపింది. చారులో వేలు పెట్టి చూసి, "ఇంకా వేడి" అని పక్కన పెట్టింది. పొగలు కక్కే చారులో పౌడర్ వేస్తే విరిగిన పాలలా ఉండలు కడుతుంది. వేలు ఓర్చుకునే వేడికి వచ్చాక ముద్దని కొంచెం కొంచెంగా కలిపి, పైన లేచిన నురుగు దిగే దాకా ఆగింది. ఆ నురుగుతోనే తాగేస్తే గాలి లోపలికెళ్ళి పొట్ట బిగుస్తుంది. నాకూ ఒక ఔన్సు ఇచ్చారు. చారు చిక్కబడి కాస్త మీగడ కలిసినట్టుంది, చివర్లో నాలుక మీద సన్నటి సుద్ద. బాగుందని అనను, తాగొచ్చు. అమ్మాయి రెండు గుక్కలు తాగి అత్తగారి వైపు చూసి తలూపింది. పాత లెక్క కొట్టేసి కొత్తది రాశారు: పాతిక గ్రాముల ప్రొటీన్ వచ్చే స్కూపులు రోజుకి రెండు, పాలు 300 మిల్లీలీటర్లు. అరవై చేరుతుంది. పాలు పడకపోతే పొట్ట ఉబ్బుతుంది కాబట్టి ముందు నీళ్ళలోనే. ఐసొలేట్‌లో లాక్టోజ్ అనే పాల చక్కెర లేనట్టే లెక్క.

ఇంతలో ఒకాయన ఫోన్ చూపిస్తూ వాదనకి దిగాడు. "మన తార్నాక ఎన్ఐఎన్ వాళ్ళే ప్రొటీన్ పౌడర్లు వద్దన్నారు కదండీ?" నిజమే, జాతీయ పోషకాహార సంస్థ 2024లో తెచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి పౌడర్లు వాడొద్దని ఉంది. అది పప్పూ గుడ్డూ పాలూ కడుపారా తినగలిగిన ఆరోగ్యవంతులకి చెప్పిన మాట. గుడ్డులో సగం కూడా పట్టని మనిషికి వర్తించదు. తినగలిగే రోజు వచ్చాక ఈయన డబ్బా కూడా అటకెక్కాల్సిందే. ఆయనకి పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు. ప్రతి పౌడర్నీ నమ్మమని నేనూ చెప్పను. జిమ్ కౌంటర్లలో బిల్లు లేకుండా చేతిలో పెట్టే డబ్బాల సంగతి తెలిస్తే ఆ అనుమానం ఉండటమే మేలు.

ఇంకొకావిడ అబ్బాయి డాలస్ నుంచి కొల్లాజెన్ పౌడర్ పంపాడు. దాన్ని వెనక్కి ఇచ్చేశారు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అందులో ఉండదు, అదొక్కటే నమ్ముకుంటే ప్రొటీన్ లెక్క కాగితం మీదే నిండుతుంది.

వాంతులు ఆగని వాళ్ళ కోసం గోడ మీద ఎర్ర అక్షరాల కాగితం ఒకటి అంటించి ఉంది. రెండు మూడు రోజులు ఏదీ నిలవకపోతే వెంటనే రావాలి. బీ1 విటమిన్ నిల్వలు ఒంట్లో కొద్ది వారాలకే ఉంటాయి, అవి అడుగంటితే కాళ్ళు తూలతాయి, చూపు తేడా పడుతుంది. ఊళ్ళో నీరసానికని బీ1 ఇవ్వకుండా గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. జ్వరం, గుండె దడ, ఎడమ భుజం నొప్పి ఉంటే ఫోన్ కూడా అక్కర్లేదు, నేరుగా ఎమర్జెన్సీకే.

మందుల చీటీ తీసుకోవడానికి కరీంనగర్ ఆయన మళ్ళీ వచ్చాడు. మూడో వారం నుంచి మెత్తగా మెదిపినవి, తర్వాత మెత్తటి గుడ్డు, రెండో నెలలో బాగా ఉడికిన ఖీమా అని రాసిచ్చారు. ఆయన చదువుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"పాయ తాగచ్చా మేడం? నమిలేది లేదు కదా."

"మీద తేలిన కొవ్వు తీసేసి, వడగట్టి, ఔన్సు గ్లాసుతో తాగండన్నా. కారం వద్దు. కానీ అది కూడా కొల్లాజెనే, అరవై గ్రాముల లెక్కలో రాయకండి."

"రాయను తియ్యి," అన్నాడాయన.