మామిడికుదురులో మాయమైన 54 సెకండ్లు

కోనసీమ అనగానే మన సినిమావాళ్ళకి గుర్తొచ్చేవి నాలుగే. కొబ్బరితోట, కాలవగట్టు, పడవ, ఆ పడవలో పరికిణీ ఓణీ వేసుకున్న హీరోయిన్! బాపుగారి ‘సాక్షి’ పులిదిండిలో తయారై 1967లో విడుదలైంది. అది మొదలు ఈ నీళ్ళ ఒడ్డున ఎన్ని కెమెరాలు కాళ్ళు మోపాయో లెక్కపెట్టడం ఎవరి తరం?

అయితే ఈసారి నేను వెళ్ళింది షూటింగ్ చూడ్డానికి కాదు. తీసిన బొమ్మని కత్తిరించే చోటు చూడ్డానికి. అదీ మద్రాసులోనో హైదరాబాదులోనో కాదు, సాక్షాత్తూ మామిడికుదురులో!

అమలాపురం నుంచి రాజోలు బస్సెక్కితే బోడసకుర్రు వంతెన వస్తుంది. కింద వైనతేయ. వంతెన దిగితే పాశర్లపూడి. 1995 జనవరిలో చమురు బావి ఎగదన్ని రెండు నెలలకు పైగా భగభగ మండింది ఇక్కడే. నగరంలో 2014 జూన్ 27న గ్యాసు పైపు పేలి ఇళ్ళతో సహా మనుషులు కాలిపోయారు. ఇవీ ఈ మండలంలోవే. మన పాటల్లో మాత్రం ఇక్కడ ఎప్పుడూ వెన్నెలే! అటు అప్పనపల్లిలో బాలబాలాజీ, ఇటు ఆదుర్రులో బౌద్ధస్తూపం. మధ్యలో రోడ్డు పక్కనే, మేడ మీద, ఆ స్టూడియో.

స్టూడియో అంటే ఏముంది? ఒక కంప్యూటరు, రెండు తెరలు, గోడకి పెళ్ళికూతుళ్ళ ఫోటోలు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు ఆ కుర్రాడు. నేను వెళ్ళేసరికి ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. పక్కన ఇద్దరు స్నేహితులు.

“ఏటండీ చెప్పేది... పెబ మాయమైపోయిందండి!” అన్నాడు.

కథ ఇదీ. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద కదిలి వస్తారు. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలవలోకి దిగి, నీళ్ళలోంచే అవతలి ఒడ్డుకి చేరడం చూసితీరాలి. ఒక్క కాలు జారిందా, అంతే! దాని మీద ఈ కుర్రాళ్ళు 22 నిమిషాల డాక్యుమెంటరీ తీశారు. కత్తిరింపు ఇక్కడ, రంగులద్దడం హైదరాబాదులో వేరే ప్రోగ్రాం మీద. ఇక్కడి నుంచి ‘ఏ షాటు ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు’ అనే అంకెల జాబితా వెళ్ళింది. రంగులతో తిరిగొచ్చిన దాంట్లో ప్రభ నీళ్ళలో దిగాల్సిన చోట, ఖాళీ కాలవా, ఒడ్డున పీచుమిఠాయి తింటున్న పిల్లాడూ ఉన్నారు.

ఒరిజినల్‌లో ఆ చోట ఉండాల్సింది ఒక ముసలాయన. ముగ్గురిలో ఒకడికి తాత. ఎన్నో ఏళ్ళుగా భుజం పెట్టిన మనిషి. ఆ కనుమే ఆయనకి ఆఖరిది. ఆయన భుజం మీద ప్రభ ఉన్న బొమ్మ ఇంకెక్కడా లేదు. భోగినాడు ఊళ్ళో తెర కట్టి చూపిస్తామని అందరికీ చెప్పేశారు. మధ్యలో ఉన్నది మూడు రోజులు.

“మళ్ళీ కత్తిరించుకుంటూ కూర్చుంటే?” అన్నాను.

“340 షాట్లండి బాబూ!”

సినిమా రీళ్ళ రోజుల్లో ఈ బాధ ఇంకో రకం. 35 ఎం.ఎం. ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములు, సెకండుకి 24. ఫిల్ము అంచునే నెంబర్లు అచ్చయి ఉండేవి. నెగటివ్ కోసేవారు ఆ నెంబర్లు చూసే కత్తెర వేసేవారు. వీడియోలో ఆ అంచు లేదు కనక టైంకోడ్ వచ్చింది. గంట, నిమిషం, సెకండు, ఫ్రేము. ప్రతి ఫ్రేముకీ ఒక ఇంటి నెంబరు.

మొదటి చిక్కు తేలిగ్గానే విడిపోయింది. ఇక్కడి ప్రోగ్రాంలో సినిమా సున్నా గంటల దగ్గర మొదలు. అక్కడి దాంట్లో ఒంటిగంట దగ్గర! టేపుల కాలంలో అసలు కార్యక్రమానికి ముందు రంగుల పట్టీలు, ‘కుయ్’మనే శబ్దం పెట్టేవారు. వాటికి చోటు వదిలి ఒంటిగంట నుంచి లెక్క మొదలెట్టేవారు. టేపు పోయినా అలవాటు పోలేదు. మొదలు అంకె రెండుచోట్లా ఒకటి చేయగానే ఆ గంట తేడా పోయింది.

పోయింది గానీ తాతగారు రాలేదు.

ఇక రెండో చిక్కు. అమెరికా చుట్టం తెచ్చిచ్చిన కెమెరాతో తీశారు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, వీడియో సెకండుకి 25 ఫ్రేములు. అమెరికాలో 1953లో రంగుల టీవీ వచ్చినప్పుడు 30 ఫ్రేముల్ని కాస్త తగ్గించి 29.97 చేశారు. 30 అనుకుని లెక్కపెడుతూ పోతే గంటకి 3.6 సెకండ్లు గడియారం కంటే వెనకబడతాం. అందుకని ప్రతి నిమిషం మొదట్లో రెండు నెంబర్లు ఎగరగొడతారు, పదో నిమిషంలో తప్ప. గంటకి 108 నెంబర్లు. గమనించండి, పోయేవి నెంబర్లే, బొమ్మలు కావు. హాల్లో 12 తర్వాత కుర్చీకి 14 అని వేస్తే కుర్చీ తగ్గిపోదు కదా!

స్టూడియో కుర్రాడు రెండు తెరల మీదా ఒకే షాటు తెరిచి, అంకెలు బొమ్మ మీదే పడేట్టు పెట్టాడు. పిల్లాడి పీచుమిఠాయి దగ్గర రెండూ ఆపాడు. ఒకే బొమ్మ, వేరే అంకెలు! మూడోవాడు శుభలేఖ వెనకాల తీసివేత వేశాడు.

“సరిగ్గా 54 సెకండ్లురా.”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తాతగారి మనవడు తెరకి ముక్కు ఆనించి, “ఇక్కడ ఆఖర్న కామా మీద చుక్క ఉంది. అక్కడ రెండు చుక్కలున్నాయేటి?” అన్నాడు.

అదే! ఒకచోట 15:00:00;00, రెండోచోట 14:59:06:00. కామా మీద చుక్క ఉంటే నెంబర్లు ఎగరగొట్టే లెక్క. రెండు చుక్కలుంటే ఎగరగొట్టని లెక్క. కెమెరా మొదటి లెక్కలో రాసింది. జాబితా పైవరసలో మాత్రం ఎగరగొట్టనిది అని ఉంది, హైదరాబాదు ప్రోగ్రాం అదే నమ్మింది. కెమెరాలో టైంకోడ్ గోడగడియారంతో కలిపి పెట్టారు. ప్రభ కాలవలో దిగింది మధ్యాహ్నం 3 గంటలప్పుడు, అంటే 15. పదిహేను గంటలకి, గంటకి 3.6 చొప్పున, 54 సెకండ్లు! పొద్దున్న 6కి తీసిన షాట్లలో తేడా 21.6 సెకండ్లే. అందుకే ఏ షాటుకి ఎంత జరపాలో ఇన్నాళ్ళూ అంతుపట్టలేదు.

జాబితా మళ్ళీ తీసి, పైవరస మార్చి, అంకెలు వేసిన నమూనా వీడియోతో కలిపి పంపారు. ఫోన్లో తీసిన షాట్లు ఇంకో పేచీ పెట్టాయి. ఫోను వెలుతురుని బట్టి ఫ్రేముల వేగం మారుస్తూ పోతుంది. వాటిని ముందుగా ఒకే వేగానికి మార్చుకోవాల్సి వచ్చింది, దానికే ఆ సాయంత్రం సరి.

రాత్రి 11 దాటాక హైదరాబాదు నుంచి ఆ ఒక్క షాటు వచ్చింది. మోకాటిలోతు నీళ్ళు, ఎర్ర తలపాగా, భుజం మీద బొంగు, ఆయనే! మనవడు వెంటనే ఇంటికి ఫోను కలిపి, అదే ఫోన్లో మామ్మగారికి చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసి, “తలపాగా వంకరగా కట్టుకున్నారు. చెబితే వింటేనా!” అన్నారు.