అప్పు చేసి ఆకాశంలోకి

"ఏమండీ, ఒక్కసారి సింగపూరైనా వెళ్ళొద్దామా?"
"పిల్ల పెళ్ళవనీవే, చూద్దాంలే."

పొద్దున టీ కొట్టు బల్ల మీద, పక్కనే కూర్చున్న దంపతుల మాటలివి. ఆవిడ మళ్ళీ అడగలేదు. గ్లాసు ఖాళీ చేసి లేచింది, అంతే.

వాళ్ళను చూస్తే కొచ్చిలో ఇంకో టీ కొట్టు గుర్తొచ్చింది. కడవంత్రలో, శ్రీ బాలాజీ కాఫీ హౌస్. నడిపింది విజయన్, ఆయన భార్య మోహన. పనివాళ్ళను పెట్టుకోలేదు, టీ కాచడం నుంచి గ్లాసులు కడగడం దాకా అన్నీ వాళ్ళిద్దరే. విదేశీ ప్రయాణాల కోసం రోజుకు 300 రూపాయలు పక్కన పెట్టేవారు. చాలకపోతే బ్యాంకులో అప్పు. తిరిగొచ్చి మళ్ళీ టీ అమ్మి వాయిదాలు కట్టడం, అది తీరగానే ఇంకో దేశం!

2007లో మొదటి విదేశీ యాత్ర. అలా పాతిక దేశాల దాకా తిరిగారు. 2018లో వాళ్ళ మీద 'ఇన్విజిబుల్ వింగ్స్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. కోవిడ్ విరామం తర్వాత, 2021 అక్టోబరులో రష్యా వెళ్ళొచ్చారు.

ఆ ఏడాది నవంబరులోనే విజయన్ కన్నుమూశారు.

అప్పు చేసి తిరగడమేంటని మనవాళ్ళు మొహం చిట్లిస్తారు. పెళ్ళి భోజనాలకు చేసే అప్పు మాత్రం గౌరవం! ఇక్కడ మాత్రం నా ఓటు విజయన్‌కే. అయితే అసలు ఆసక్తి మోహన గారి మీద. ఆ వాయిదాల్లో సగం చాకిరీ ఆవిడదే కదా.

మీ ఎరుకలో ఇలాంటి జంట ఉందా? ఉంటే చెప్పండి. ముందు "పద" అన్నది ఎవరో కూడా.