వసతిగృహము

నా పండ్రెండవ యేట, 1972లో, మా తండ్రిగారు నన్ను చోడవరమునుండి విశాఖపట్టణమునందలి యొక వసతిగృహమునకు తోడ్కొనిపోయిరి. మేము చూచినది ఉదయవేళ. సున్నము వేసిన గోడలు, తుడిచిన వాకిలి, పొగలెగయు అన్నము. "ఇంతకన్న నేమి కావలెనురా!" అని వారు సంతసించిరి. చెఱకుతోటకు నీరు కట్టవలసినవారు గదా! మధ్యాహ్నపు బస్సుకే మరలిపోయిరి.

శ్రావణమాసపు వానలలో నాకు జ్వరము వచ్చినది. పర్యవేక్షకుడు రాత్రులందు తన యింటనే పరుండునని నాకు నాడు తెలిసినది. తెల్లవాఱుజామున పొయ్యి రాజేయవచ్చిన వంటవాడు నా మూలుగు విని, గంజి కాచి త్రాగించెను. దసరా సెలవులలో నా చొక్కా వదులగుట చూచి అమ్మ సంగతి గ్రహించినది.

"మఱల పోవుదువా, మానుదువా? నీవే చెప్పుము" అని తండ్రిగారడిగిరి. పోయెదనంటిని. జ్వరమును మఱచితినని కాదు. అచ్చటి పుస్తకముల బీరువాలో సగము నేనింకను చదువవలసియుండెను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున తొలి గురుకుల పాఠశాల 1971లో సర్వేలునందు వెలసినది. 2004లో బాలికలకై కస్తూర్బా గాంధీ విద్యాలయముల పథకము వచ్చినది. ప్రధానోపాధ్యాయుడనైన పిదప, ఇట్టి చోట్లను గూర్చి యడుగవచ్చిన తల్లిదండ్రులకు, "రాత్రి యెనిమిది దాటిన పిమ్మట పోయి చూడుడు. వేసవిలో నీరెచ్చటనుండి వచ్చునో విచారింపుడు. బిడ్డను గూడ అడుగుడు" అని చెప్పుచుంటిని. రుసుము సంగతి చెప్పకయే అడుగుదురు.

నిరుడు మా వీధి రైతొకడు, ఆఱవ తరగతిలో చేర్పదలచిన తన కుమార్తెను నాయొద్దకు తెచ్చెను. నేను నోరు తెఱవకమునుపే ఆ బాలిక, "మాస్టారూ, అచ్చట రాత్రివేళ తలుపు తట్టినచో ఎవరు లేచి వత్తురు?" అని యడిగినది. తండ్రి నా ముఖము చూచెను. ఆ సాయంకాలమే మువ్వురము బస్సెక్కితిమి.